ముందు హౌసింగ్ నుంచి ఆయిల్ కారుతోంది, క్రౌన్ విప్పించాలా?

ప్రశ్న: మాది వేంపల్లె దగ్గర పల్లె. చీనీ (బత్తాయి) తోటకు పోయి రావడానికి రెండేళ్ల కిందట పాత ఫోర్ వీల్ డీజిల్ జీపు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ముందూ వెనకా కమాన్ కట్టలే (పట్టీల స్ప్రింగులు). పాపాఘ్ని ఇసుకలోనూ, వానలు పడితే తోట దారి బురదలోనూ ఫోర్ వీల్ వేయకపోతే కదలదు. మూడు నెలలుగా ముందు హౌసింగ్ (ముందు ఇరుసు మధ్యలో గేర్లుండే ఇనప గుల్ల) దగ్గర ఆయిల్ కారుతోంది. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి కింద అరచేయంత మరక. ఒక మెకానిక్ పినియన్ (క్రౌన్ అనే పెద్ద గేరును తిప్పే చిన్న గేరు) సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాడు. నెల తిరక్కముందే మళ్లీ మొదలు. ఇంకో షెడ్డులో క్రౌన్ మొత్తం విప్పి బేరింగులు వేయాలంటున్నారు. మా బంధువు ఒకాయన ముందు జాయింట్ షాఫ్ట్ (ముందు ఇరుసును తిప్పే కడ్డీ) పీకేసి, నూట నలభై నంబర్ చిక్కటి గేర్ ఆయిల్ పోసి తిరగమంటాడు, అది కాకుంటే గుజిరీలో (పాత సామాన్ల అంగడిలో) పాత యాక్సిల్ దొరుకుతుంది, తెచ్చి బిగించుకోమంటాడు. ఏది మంచిది? (చీనీ రైతు, వైఎస్సార్ కడప జిల్లా)

జవాబు: కొత్త సీలు నెల కూడా నిలవలేదంటే రెండే కారణాలు ఉండొచ్చు. ఆయిల్ అసలు ఆ సీలు దగ్గర నుంచి రావట్లేదు, లేదా ఆ సీలును ఇంకేదో చంపుతోంది. ఈ రెండింట్లో ఏదో తేలకుండా క్రౌన్ విప్పించకండి. అలాగని పోనీలే అని వదిలేయకండి కూడా. ఇలాంటి జీపు ముందు హౌసింగ్‌లో పట్టే ఆయిలే లీటరు, లీటరున్నర. రోజూ అరచేయంత మరక అంటే తక్కువేమీ కాదు. ఈ జవాబు చదివిన రోజే నింపే బోల్టు విప్పి లెవెల్ చూడండి. బండి చదునైన చోట ఉండాలి. రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉండాలి, వేలు పెట్టి వంచితే తగలాలి. తగలకపోతే ముందు నింపి, తర్వాత మిగతా సంగతి చూద్దాం.

ఆ ఆయిల్ ఏమిటో మొదట తేల్చుకోండి. ముందు హౌసింగ్ ఉండేది ఇంజిన్ కిందే. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ ప్యాకింగ్ కారినా, పవర్ స్టీరింగ్ ఉన్న బండికి దాని పైపు కారినా ఆ చుక్కలు వచ్చి హౌసింగ్ మీదే పడతాయి. హౌసింగ్ తడిసి ఉంటుంది కాబట్టి కింద పడుకుని చూసినవాడు క్రౌన్ కారుతోందనే అంటాడు. మరక పడే చోట తెల్ల కాగితమో, అట్టముక్కో రాత్రంతా పరిచి పెట్టండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా, పల్చగా ఉంటుంది. స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది, వేలికి రాసి వాసన చూస్తే గంధకం కంపు కొడుతుంది. ఒకసారి పీల్చినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

గేర్ ఆయిలే అని తేలితే ఎక్కడి నుంచో చూడాలి. డీజిల్, బ్రష్ తీసుకుని హౌసింగ్ మొత్తం, యాక్సిల్ గొట్టాలు చక్రాల దాకా మట్టి లేకుండా కడగండి. మీ దగ్గర అది ఒక పూట పని, ఎర్రమట్టీ ఆయిలూ కలిసి గట్టిపడి ఉంటాయి. గుడ్డతో పొడిగా తుడిచాక మొహానికి పూసుకునే పౌడర్ పల్చగా చల్లండి. ముగ్గుపిండి వద్దు, రాతిపొడి సీలు పెదవిలో (షాఫ్ట్‌కు ఆనుకునే రబ్బరు అంచులో) చేరితే గీసేస్తుంది. తోటకు ఒక ట్రిప్పు పోయి వచ్చి టార్చి వేసి చూస్తే, ఆయిల్ పుట్టిన చోట పౌడర్ తడిసి చార కనబడుతుంది. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడి ఉందో అదే మూలం. చుక్క రాలే చోటు చూసి మోసపోకండి.

మీ జీపు లాంటి యాక్సిల్‌కి పినియన్ వెనక్కి చూస్తుంది, జాయింట్ షాఫ్ట్ వచ్చి అక్కడే కలుస్తుంది. ముందు వైపు బోల్టులతో మూత ఉంటుంది. మూత అంచు తడిస్తే ప్యాకింగ్ పని, అది సులువు. మూత తీసి, రెండు ముఖాలూ గీకి శుభ్రం చేసి, అనాబాండ్ (సందులు మూసే జిగురు) సన్నగా చుట్టూ పెట్టి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఆయిల్ జిడ్డు మీద అనాబాండ్ అతుక్కోదు, పెట్రోలుతో తుడిచి ఆరనివ్వాలి. రాత్రంతా ఆరాక ఆయిల్ పోయాలి. గంటలో పోసి పంపేసే షెడ్డుకు ఇవ్వకండి. ఇదివరకు ఎవరో అతిగా బిగించి ఉంటే మూత బోల్టు రంధ్రాల దగ్గర లోపలికి వంగి ఉంటుంది. దాన్ని చదును చేయకుండా ఎంత అనాబాండ్ పెట్టినా వృథా.

కింద డ్రెయిన్ బోల్టు దగ్గర తడిస్తే వాషర్ మార్చడమే. రాయి తగిలి హౌసింగ్ బీట వారి ఉంటే మాత్రం సంగతి వేరు. ఎంసీల్ రుద్ది తోట నుంచి ఇంటికి తెచ్చుకోవచ్చు, దాంతోనే కాలం గడపలేం. పోత ఇనుము వెల్డింగ్ తెలిసిన చెయ్యి కావాలి.

చక్రాల వైపు చూడండి. ఏదైనా ఒక చక్రం టైరు లోపలి గోడ తడిసి ఉంటే లోపలి యాక్సిల్ సీలు పోయింది, ఆయిల్ గొట్టం వెంట నడిచి చక్రం దగ్గర బయటపడుతోంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంటే ఆయిల్ బ్రేకు లైనర్ల దాకా పోయిందేమో చూడండి. అలా ఉంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. ఈ రకం యాక్సిల్స్‌లో ఆ లోపలి సీళ్లు హౌసింగ్ లోపల, క్రౌన్ పక్క బేరింగుల వెనక కూర్చుంటాయి. వాటిని మార్చాలంటే క్రౌన్ బయటికి తీయక తప్పదు. కాబట్టి రెండో షెడ్డువాళ్లు చూసి చెప్పింది ఇదే అయితే వాళ్ల మాట న్యాయమే. అప్పుడు ఒక్క జాగ్రత్త: బేరింగు మూతలు ఏ పక్కవి ఆ పక్కకే, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పెట్టాలి. మధ్యలో షిమ్ములు (పల్చటి రేకు వాషర్లు) ఉంటే అవీ ఏ పక్కవి ఆ పక్కకే. విప్పే ముందే సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టమనండి. కలిపేస్తే పళ్లు కలిసే తీరు మారి, బండి ఊళ పెడుతుంది.

ఇవన్నీ పొడిగా ఉండి, పినియన్ దగ్గరే తడి కనబడిందనుకుందాం. సీలు మార్చినా ఆగలేదు కాబట్టి నా అనుమానం మొదట బ్రీదర్ మీదే.

హౌసింగ్‌కు పైన, యాక్సిల్ గొట్టం మీద చిన్న ఇనప టోపీ లాంటిది ఉంటుంది, కొన్ని బండ్లకు రబ్బరు గొట్టం ఉంటుంది. అదే బ్రీదర్. బండి నడిస్తే లోపల ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోయే దారి అదొక్కటే. బురద గట్టిపడి అది మూసుకుపోతే విజిల్ పూడుకుపోయిన కుక్కర్ గతే. గాలి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తోసుకుని బయటికి వస్తుంది, అంటే సీలు పెదవి కింద నుంచి, ఆయిల్‌ను వెంటబెట్టుకుని. కొత్త సీలైనా పాత సీలైనా దానికి ఒకటే. నది ఇసుకలో, బురదలో తిరిగే బండికి ఇది మూసుకుపోకపోతేనే ఆశ్చర్యం. కానీ ఆ టోపీ ఏమిటో కూడా తెలియని షెడ్లు ఉన్నాయి.

పరీక్ష ఖర్చు లేనిది. అరగంట నడిపి ఆపి, వేడిగా ఉన్నప్పుడే నింపే బోల్టు మెల్లగా వదులు చేయండి. మొహం దూరం పెట్టండి. బుస్సుమని గాలి వచ్చిందంటే బ్రీదర్ పూడింది. విప్పి డీజిల్‌లో నానబెట్టి, పంక్చర్ షాపు గాలి పెట్టి కొట్టించండి. టోపీ చేత్తో తిరగాలి, ఊగాలి. తిరగకపోతే పారేసి కొత్తది వేయండి. నన్నడిగితే మీలాంటి వాడకానికి ఆ టోపీ తీసేసి, అక్కడ నిపిల్ బిగించి, డీజిల్‌కు వాడే రబ్బరు గొట్టం ఇంజిన్ గదిలో పైదాకా తీసుకెళ్లి, మూతి కిందికి వంచి కట్టేయడం మేలు. చక్రం తిరిగినప్పుడు, కమాన్ కట్టలు కుదించుకున్నప్పుడు గొట్టం లాగకుండా కొంచెం వదులు ఉంచాలి.

వాగులో దిగేటప్పుడు కూడా ఈ బ్రీదర్‌తోనే పని. వేడి హౌసింగ్ చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుంటుంది. గాలి పీల్చుకునే దారి లేకపోతే సీలు దగ్గర నుంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. టోపీ నీళ్లలో మునిగి ఉంటే అటునుంచే లాక్కుంటుంది. అందుకే గొట్టం పైకి పెట్టుకోమనడం. మీ లెవెల్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ టీ రంగులోకి, నురుగుగా మారి ఉంటే నీళ్లు కలిశాయి. దాన్ని దింపి కొత్తది పోసి, కొన్నాళ్లకే మళ్లీ ఒకసారి మార్చాలి. మొదటి మార్పుతో మూలల్లో ఉన్న తేమంతా పోదు.

బ్రీదర్ బాగుండి కూడా కారితే రెండోది, పినియన్ ఆట చూడండి. చక్రాలకు అడ్డాలు పెట్టి, జాయింట్ షాఫ్ట్ పినియన్ దగ్గర విప్పి, ఫ్లాంజిని (పినియన్ కొనకు ఉండే, షాఫ్ట్ బిగిసే పళ్లెం) రెండు చేతులా పట్టి పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ లాగండి. అలా ఏమాత్రం కదలకూడదు. తిప్పితే గుండ్రంగా కొద్దిగా ఆడటం మామూలే, దానికి భయపడకండి. పైకీ కిందికీ ఆడితే పినియన్ బేరింగ్ అరిగింది. షాఫ్ట్ ఊగుతుంటే ఏ కంపెనీ సీలైనా నిలవదు. అప్పుడు బేరింగులు వేయాల్సిందే. జాయింట్ క్రాసులు (షాఫ్ట్ చివర్లో మడిచే కీళ్లు) కూడా అప్పుడే పట్టి చూడండి. క్రాసు లూజైతే వచ్చే అదురు కూడా ఆ సీలునే తింటుంది.

మూడోది ఫ్లాంజి మెడ. సీలు పెదవి రాసుకునే ఆ నున్నటి భాగం మీద ఏళ్ల తరబడి గాడి పడుతుంది. గోరుతో రాస్తే తెలుస్తుంది. గోరు ఇరుక్కునేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా అదే గాడిలో కూర్చుని కారుతుంది. మీ మొదటి మెకానిక్ ఇది చూడలేదని నా అనుమానం, చాలామంది చూడరు. కొత్త ఫ్లాంజి దొరికితే మంచిది. దొరక్కపోతే లేత్ షాపులో పల్చటి స్లీవ్ ఎక్కించి నున్నగా పాలిష్ చేయించవచ్చు. గాడి చిన్నదైతే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి, పెదవి కొత్త చోట పడేలా చూసినా సరిపోతుంది.

ఇక సీలు మార్చే తీరు. మెకానిక్ చేస్తున్నప్పుడు మీరు పక్కన నిలబడి చూడాల్సింది ఇక్కడే. పినియన్ నట్టు విప్పే ముందు నట్టు మీద, పినియన్ కొన మీద, ఫ్లాంజి మీద ఒకే గీతలో పంచ్ గుర్తులు పెట్టాలి. ఎన్ని చుట్లకు నట్టు ఊడిందో లెక్కపెట్టాలి. ఎందుకంటే ఆ నట్టు ఉత్త బిగింపు నట్టు కాదు, పినియన్ బేరింగుల మీద ఎంత ఒత్తిడి ఉండాలో నిర్ణయించేది అదే. కొన్ని యాక్సిల్స్‌లో రెండు బేరింగుల మధ్య నలిగే స్లీవ్ (గొట్టం ముక్క) ఉంటుంది, కొన్నిట్లో షిమ్ములు ఉంటాయి. షిమ్ములున్న దానికి కంపెనీ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగిస్తే చాలు. స్లీవ్ ఉన్నదాన్ని గాలి గన్‌తో టర్రుమని బిగిస్తే స్లీవ్ మరీ నలిగి బేరింగులు పట్టేస్తాయి. నట్టు వెనక్కి వదిలితే సరిపోతుందనుకుంటారు, పోదు. నలిగిన స్లీవ్ మళ్లీ లేవదు, కొత్తది వేయాల్సిందే. విప్పేటప్పుడు గన్ వాడుకోనివ్వండి, బిగించేటప్పుడు మాత్రం చేతి పానాతోనే గుర్తులు కలిసేదాకా, ఆ పైన వెంట్రుకవాసి. తర్వాత ఫ్లాంజిని చేత్తో తిప్పితే నున్నగా, కొద్దిపాటి బరువుతో తిరగాలి. మీ బండిలో ఏ రకం ఉందో పని మొదలుపెట్టకముందే అడగండి. జవాబు తడుముకుంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

సీలు కొనడానికి పోయేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. చాలా సీళ్లకు ముఖం మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటాయి. ఫలానా జీపుది ఇవ్వండి అంటే కౌంటర్లో చేతికొచ్చింది ఇస్తారు. ఖరీదు క్రౌన్ పనితో పోలిస్తే లెక్కలోకి రాదు, కాబట్టి మంచి కంపెనీదే తీసుకోండి. స్ప్రింగు ఉన్న పెదవి ఆయిల్ వైపు ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాయాలి, పొడిగా పెడితే మొదటి కిలోమీటర్లలోనే కాలిపోతుంది. సుత్తితో ఒక పక్క కొట్టి, మళ్లీ ఇంకో పక్క కొట్టి దించితే వంకరగా కూర్చుంటుంది. సీలు బయటి అంచుకు సరిపోయే గొట్టం ముక్క పెట్టి మధ్యలో కొట్టాలి.

పని ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక మాట. మన వైపు కడప బండలకు కొదవలేదని, జాకీ ఎత్తి యాక్సిల్ కింద నాలుగు బండ ముక్కలు పేర్చి దూరిపోతారు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఒకే చోట బరువు పడితే చప్పుడు లేకుండా చీలిపోతుంది. ఇనప స్టాండు కానీ, మందపాటి కట్టె దుంగలు కానీ పెట్టండి. ఆయిల్ దింపే ముందు నింపే బోల్టు విప్పుకోండి. అది తుప్పు పట్టి ఊడకపోతే, దింపేసిన హౌసింగ్‌తో మీరు ఇరుక్కుపోతారు. దింపిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి షెడ్డువాళ్లకు ఇవ్వండి, చీనీ చెట్ల పాదుల వైపు పోనివ్వకండి. డ్రెయిన్ బోల్టు కొనకు అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద రంగు ముద్ద కనబడుతుంది, అది సహజం. చేతికి గుచ్చుకునే పెంకులు, పంటి ముక్కలు కనబడితే అప్పుడు నేనే చెబుతున్నా, క్రౌన్ విప్పించండి.

మీ బంధువు చెప్పిన నూట నలభై సంగతి. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు కాస్త నెమ్మదిగా కారుతుంది. వేడెక్కితే అదీ పల్చబడుతుంది, మన ఎండల్లో మరీను. దానివల్ల హౌసింగ్‌కు పెద్ద హాని లేదు కానీ చిల్లు పూడదు. సీలును ఉబ్బించే మందుల సంగతీ ఇంతే, నాలుగు రోజులు ఆపి మళ్లీ వదులుతాయి. బండి పుస్తకంలో వేరేగా లేకపోతే జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్ పోయండి. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ పని చేస్తాయి, ఆ రాపిడికి తట్టుకునే మందులు జీఎల్-5లో ఎక్కువ. మిగిలింది కదా అని దాన్నే గేర్ బాక్సులో పోయకండి. జీఎల్-4 అడిగే గేర్ బాక్సుల్లో ఇత్తడి రింగులు ఉంటాయి, జీఎల్-5 కొన్నిసార్లు వాటిని తినేస్తుంది. ఇంజిన్ నుంచి దింపిన పాత ఆయిల్ హౌసింగ్‌లో పోసేవాళ్లూ ఉన్నారు. అది మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

జాయింట్ షాఫ్ట్ పీకేస్తే లీకు ఆగుతుందనడంలో ఒక చిక్కుంది. ముందు చక్రాలకు ఫ్రీ వీల్ హబ్బులు (చక్రాన్ని లోపలి ఇరుసు నుంచి విడదీసేవి) లేకపోతే, ఉన్నా లాక్‌లో ఉంటే, షాఫ్ట్ పీకినా పీకకపోయినా చక్రాలు తిరిగినంత సేపూ క్రౌన్, పినియన్ లోపల తిరుగుతూనే ఉంటాయి. ఆయిల్ కారుతూనే ఉంటుంది. షాఫ్ట్ తీశాం కదా అని లెవెల్ చూడటం మానేస్తే ఎండిపోయిన హౌసింగ్ తార్రోడ్డు మీద తిరిగి కాలిపోతుంది. హబ్బులు ఉంటే షాఫ్ట్ జోలికి పోనక్కర్లేదు, హబ్బులు ఫ్రీ చేస్తే ముందు క్రౌన్ కదలదు, సీలు దొరికేదాకా టూ వీల్‌లో తిరగొచ్చు. అలాగని నెలలు వదిలేయకండి. తిరగని సీలు పెదవి ఎండి గట్టిపడుతుంది. నెలకోసారైనా ఇసుకలోనో మట్టి దారిలోనో ఫోర్ వీల్ వేసి కొన్ని కిలోమీటర్లు నడపండి. గట్టి తార్రోడ్డు మీద మాత్రం వద్దు. మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు, ఆ తేడా తప్పించుకునే చోటు లేక గేర్ల మీద పడుతుంది.

గుజిరీ యాక్సిల్ చివరి మాటగానే ఉంచుకోండి. ముందు క్రౌన్ పళ్ల నిష్పత్తి, వెనక క్రౌన్ పళ్ల నిష్పత్తి ఒకటే ఉండాలి. ఒకే పేరున్న జీపుల్లోనే ఏడాది మారితే, ఇంజిన్ మారితే అది మారి ఉండొచ్చు. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి, బోల్టులూ కలుస్తాయి. టూ వీల్‌లో ఏమీ తెలియదు. మొదటిసారి బురదలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలొక వేగం, వెనకవొక వేగం అడిగి ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే గేరు పెట్టె) పట్టేస్తుంది. కొనక తప్పని పరిస్థితే వస్తే కొట్లోనే మూత విప్పించి క్రౌన్ పళ్లు, పినియన్ పళ్లు లెక్కపెట్టి, మీ వెనక హౌసింగ్‌తో సరిపోల్చుకున్నాకే డబ్బులివ్వండి. విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ యాక్సిల్ అక్కడే వదిలేసి రండి.